పాత బండ్ల యంత్రములలోని రబ్బరు

ఇనుము తుప్పు పట్టుట అందఱు నెఱిగినదే. రబ్బరునకు వచ్చు ముసలితనము మాత్రము వెంటనే కంటికి కానరాదు.

1932 జూను మాసమున నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. వానిలో స్కాట్లండునుండి వచ్చిన ఆల్బియను బండ్లుండెను. ఇంజను ఎంత గట్టి ఇనుముతో పోసినదైనను, ఆ కాలమున దాని నీటిగొట్టములకు చెట్టుపాలే ఆధారము. 1839లో అమెరికావాసి చార్లెసు గుడియరు ఆ పాలగడ్డను గంధకముతో కలిపి కాచి, ఎండకు కరగక చలికి బిరుసెక్కని రబ్బరును సాధించెను. లోకమునకు చక్రములిచ్చిన ఆ మహానుభావుడు అప్పులతోనే 1860లో గతించెను.

1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమయ్యెను. మలయా తోటల రబ్బరు మిత్రరాజ్యములకు అందకపోయెను. మన దేశమున టైర్లకు కట్టడి వచ్చినది. పెట్రోలు చాలక బస్సులకు బొగ్గుగ్యాసు పొయ్యిలు తగిలించిరి. ఆ అక్కఱయే అమెరికాలో కృత్రిమ రబ్బరును రాసులుగా చేయించినది. అట్టివానిలో నైట్రైలు రబ్బరు చమురునకును పెట్రోలునకును ఓర్చును. చెట్టు రబ్బరు వానిలో నానిన ఉబ్బి మెత్తబడును. రెండును నల్లగానే యుండును గనుక మేస్త్రీ నడుగక ఒకదాని చోట వేఱొకటి బిగింపరాదు.

ఇక నిలువ సంగతి. జగిత్యాలలో వేసవియెండ 45 డిగ్రీలు దాటుట కలదు. రేకుల కొట్టులో వేడి అంతకంటె హెచ్చు. పది డిగ్రీలు పెరిగినచో రబ్బరు ఇంచుమించు రెండింతల వేగమున ముదురును. మేకునకు వ్రేలాడదీసిన ఫ్యాను బెల్టు వంపుకడ సాగి, అచ్చటనే పగులును. వెల్డింగు మెఱుపులు, మోటార్ల నిప్పురవ్వలు గాలిలో ఓజోనును పుట్టించును. అది సాగియున్న రబ్బరును కొఱికివేయును. సిరిసిల్లలో మరమగ్గముల మోటార్లు బాగుచేయు గదిలోనే బండి సామాను దాచువారు గమనింపవలెను. చల్లని చీకటిగదిలో, సాగకుండ మడవకుండ, సంచిలో కట్టి పెట్టుటయే మేలు. అట్లుంచినను చెట్టు రబ్బరునకు 5 ఏండ్లు, నైట్రైలునకు 7 ఏండ్లు నిలువ గడువని అంతర్జాతీయ ప్రమాణము. తేదీ చూడక చవుకయని పాత సరకు కొనుట నా దృష్టిలో పొదుపు గాదు.

కోరుట్ల ప్రాంతపు చెఱకు రైతులకు ఈ కథలో నొక చిత్రమైన పాలు గలదు. ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. కాని ఎచటనో పిండిన చెఱకు మడ్డినుండి దీసిన ఇథనాలు నేడు మన స్కూటరు ట్యాంకులోనికి వచ్చుచున్నది. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు అదియే. పాత బండ్లలో కొన్ని రబ్బరు ముక్కలు మార్చవలసి రావచ్చునని ఆ యేడు కేంద్ర పెట్రోలియము శాఖవారును చెప్పిరి. డీజిలు ట్రాక్టరునకు ఈ చిక్కు లేదు.

పెట్రోలు గొట్టమును వంచి చూడుడు. జిగురుగా తగిలినను, ఉబ్బినను, వంపున సన్నని గీతలు కనబడినను వెంటనే మార్చుడు. వాసన వచ్చుచుండగా బండి నడుపరాదు. ఒక్క చుక్క వేడి ఇంజనుపై పడిన చాలును. క్రొత్త గొట్టమును ఇథనాలున కోర్చునదిగా అడిగి తీసికొని, వదులైన బిగింపు పట్టీని గూడ దానితోపాటే మార్పించుడు.