ఉన్నిటోపి

1571లో ఇంగ్లండున నొక శాసనము వెలువడెను. ఆఱేండ్లు దాటిన సామాన్యులు ఆదివారములందు, పండుగలందు ఉన్నిటోపి ధరింపవలెను. తప్పినచో దినమునకు 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. టోపీలు చేయువారి కూటికొఱకే యీ కట్టడి. జనులు లక్ష్యపెట్టరైరి, 1597లో రద్దయ్యెను.

శాసనమునకు లొంగని తలలు నాటకమునకు లొంగినవి. 2013 మొదలు 2022 వఱకు బి.బి.సి. టెలివిజనులో ప్రసారమైన ‘పీకీ బ్లైండర్స్’ ధారావాహికలో బర్మింగుహాము రౌడీలు కూలివాని ఉన్నిటోపి ధరింతురు. అది చూచి పడుచువాండ్రు దానికై యంగళ్లకు పోయిరి. (తాత తలపాగా చుట్టుకొమ్మన్నచో నవ్వుదురు!)

నాటకకథ 1919లో మొదలగును. నిజమైన ముఠా 1890 ప్రాంతమునాటిది. టోపియంచున బ్లేళ్లు కుట్టుకొని కొట్లాడిరనుటయు నమ్మదగినది కాదు. గిల్లెట్టువారి మార్చుకొను బ్లేళ్లు 1903లో గాని అమ్మకమునకు రాలేదు. ఎన్నిమాఱులు చెప్పినను మా మనుమనికి బ్లేళ్ల కథయే రుచించుచున్నది. టోపి చేసినవాని కథ యడుగడు.