వడ్డీ లెక్కలో పుట్టిన సంఖ్య

రూపాయి అప్పుకు ఏడాదికి రూపాయి వడ్డీ అనుకుందాం. ఏడాది చివర ఒకేసారి కడితే తీర్చాల్సింది రెండు రూపాయలు. ఆరు నెలలకోసారి వడ్డీని అసలులో కలిపితే 2.25 అవుతుంది. నెలనెలా కలిపితే 2.61, రోజూ కలిపితే 2.71. మరి క్షణక్షణం కలిపితే? 1683లో బాసెల్ నగరవాసి జాకబ్ బెర్నూలీ ఈ చక్రవడ్డీ లెక్కే వేసి, జవాబు రెండుకూ మూడుకూ మధ్య ఆగుతుందని తేల్చాడు. 2.71828... అని సాగే ఆ సంఖ్యకు తర్వాతి శతాబ్దంలో ‘ఇ’ అన్న గుర్తు పెట్టినవాడు ఆయిలర్.

ఆ ‘ఇ’ ఘాతాలను కట్టి ఇచ్చేదే ప్రోగ్రామింగ్ భాషల్లోని ‘ఎక్స్‌ప్’ ఫంక్షన్. పాఠ్యపుస్తకంలోని శ్రేణిని వరసగా కూడుకుంటూ పోతే సరిపోదా? మైనస్ 20 ఇచ్చి చూడండి. మధ్యలో పదాలు నాలుగు కోట్లు దాటతాయి. చివరికి మిగలాల్సింది మాత్రం 0.000000002. పదహారు అంకెలే పట్టే యంత్రంలో ఆ కోట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాక మిగిలేది పొట్టే, గింజ కాదు.

అందుకే లైబ్రరీలు వేరే దారి పట్టాయి. ఇచ్చిన సంఖ్యలోంచి రెండుకు ఉన్న సహజ లాగరిథమ్‌ను, అంటే 0.6931ని, మిగిలేది సున్నాకు వీలైనంత దగ్గరయ్యేలా అన్నిసార్లు తీసేస్తాయి. మిగిలే ముక్క 0.35 దాటదు కాబట్టి దానికి చిన్న బహుపది చాలు. ఎన్నిసార్లు తీశామో అన్నిసార్లు ఫలితాన్ని రెట్టింపు చేయాలి. బైనరీ యంత్రానికి అది ఘాతం గడిలో అంకె మార్చినంత తేలిక. తీసివేతలో తోక తెగిపోకుండా ఆ 0.6931నే తల, తోక అని రెండు ముక్కలుగా దాచుకోవడం ఇందులో కిటుకు. 1980లో కోడీ, వెయిట్ రాసిన మాన్యువల్ ద్వారా ఇది ప్రసిద్ధమైంది.

అయినా ఒక చిల్లు మిగిలింది. పైథాన్‌లో వెయ్యి కోట్లలో ఒక వంతుకు ఎక్స్‌ప్ కట్టి, అందులోంచి ఒకటి తీసేయండి. అదే వంతు లెక్కన 1.00000000005 రావాలి. వచ్చేది 1.00000008274. తప్పు ఎక్స్‌ప్‌ది కాదు. ముందున్న ఒకటి, దాని వెనక సున్నాలు కలిసి పది అంకెల చోటు తినేశాయి. తీసివేత ఆ నష్టాన్ని బయటపెట్టిందంతే.

మందు ఏమిటంటే, ఒకటి తీసేసిన విలువనే నేరుగా కట్టే మరో ఫంక్షన్. 1979 నాటి హెచ్‌పీ-41సి కాలిక్యులేటర్‌లో అది ఉంది. 1980ల మధ్యలో ‘ఎక్స్‌ప్ఎమ్1’ పేరుతో బర్కిలీ యూనిక్స్‌లోకి, 1999లో సీ భాష ప్రమాణంలోకి వచ్చింది. ఇది ఎందుకు పనికొస్తుందో చెప్పడానికి పాసిక్స్ ప్రమాణ పత్రం ఎంచుకున్న ఉదాహరణ ఏమిటో తెలుసా? రోజువారీ వడ్డీ.