గుంజ మీద పిచ్చుకగూడు



అమెరికాలో వుంటున్న మా చెల్లెలు ఆమధ్య తన యింటి ఫొటో పంపింది. వాకిట్లో గుంజ మీద బుల్లి కొయ్య యిల్లు, పైన వాలు కప్పు. "పిచ్చుకలకి గూడు కట్టించావుటే?" అన్నాను. పకపకా నవ్వి, "ఉత్తరాల పెట్టె అక్కయ్యా!" అంది. నేనూ నవ్వాను గానీ, దాని కథ తెలిశాక ఆ పెట్టె మీద గౌరవం కలిగింది.

1896కి ముందు అమెరికాలో ఉత్తరం యింటికి రావడం పట్నవాసులకే. పల్లె రైతులు మైళ్ళ కొద్దీ బండి కట్టుకు వెళ్ళి పోస్టాఫీసులో తెచ్చుకోవాల్సిందే. పొలాల మధ్య ఒంటరి యింట్లో వుండే యిల్లాలికి పుట్టింటి కబురు ఎప్పుడందేనో ఆలోచించండి! గ్రేంజ్ అనే రైతుల సంఘం పట్టుబట్టగా, 1896 అక్టోబరు 1న పశ్చిమ వర్జీనియాలో పల్లెలకు ఉచిత బట్వాడా మొదలయింది.

పోస్టుమాన్ వస్తాడు సరే, ఉత్తరం ఎందులో వేస్తాడు? మనలాగే ఆ యిల్లాళ్ళూ ఖాళీ డబ్బా పారేసేవాళ్ళు కాదు కాబోలు! కొవ్వు డబ్బాలు, పాకం డబ్బాలు, సబ్బు పెట్టెలు గుంజలకెక్కాయి. వానకి ఉత్తరాలు తడిసేవి. చివరకు 1915లో తపాలాశాఖ ఇంజనీరు రాయ్ జోరోల్మన్ సొరంగంలా గుండ్రటి కప్పుతో రేకు పెట్టె తయారుచేశాడు. పక్కనున్న జెండా ఎత్తితే, "లోపల ఉత్తరముంది, పట్టుకెళ్ళు" అని గుర్తన్నమాట. దానికి పేటెంటు లేదు. ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు. మా చెల్లెలిలా ముచ్చటపడి గూడులా చేయించుకున్నా ఫరవాలేదు. ఎత్తు మాత్రం రోడ్డుకి 41 నుంచి 45 అంగుళాలుండాలి, అక్కడి పోస్టుమాస్టరు సరేననాలి.

మనకి గుంజా జెండా లేవు, వీధిలోంచి "పోస్ట్!" అనే కేక వుండేది. నా పెళ్ళయిన కొత్తలో అమ్మ ఇన్లాండు లెటరు మూడు మడతలూ నింపి, చోటు చాలక అంచుల్లో కూడా వ్రాసేది. అవన్నీ తీగకి గుచ్చి దాచాను. తరవాత ఫోనొచ్చింది. రోజూ మాట్లాడుకున్నాం, ఉత్తరం మాట యిద్దరం మరిచాం. అమ్మ పోయాక వెతికితే, ఆఖరి పదేళ్ళలో ఆవిడ చేతివ్రాత పాలపద్దులో అంకెలు తప్ప మరేదీ దొరకలేదు.

అందుకే చెల్లెలికి ఉత్తరం వ్రాశాను, అంచుల్లో కూడా. ఆ పిచ్చుకగూట్లో ఎప్పుడు వాలుతుందో! మీరూ యీ వారం అమ్మకో, అమ్మాయికో ఒక్క ఉత్తరం వ్రాయండి.

సెలవు.