అని, అంత, మ్హణూన్, బోల్‌కే: బాన్సువాడ ప్రాంతంలో నాలుగు భాషల వాక్యసంబంధం

భాషల మధ్య ఆదానప్రదానాల చర్చ తెలుగులో చాలాకాలం పదజాలం చుట్టూనే సాగింది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) పదాలను తత్సమ, తద్భవ, దేశ్య, గ్రామ్యాలుగా విభజించింది. పదం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ పద్ధతి సమాధానమిస్తుంది. వాక్యం కూర్పు ఎక్కడిదన్న ప్రశ్న దాని పరిధిలోకి రాదు. పదాలను మాత్రమే లెక్కించే ఈ దృష్టికి తెలంగాణ తెలుగు 'ఉర్దూ కలిసిన తెలుగు'గా కనిపించింది. బాన్సువాడ పరిసరాల భాషాస్థితి ఈ అభిప్రాయాన్ని పునఃపరిశీలించడానికి ఆధారాలనిస్తుంది.

బాన్సువాడ నిజాం పాలనలో ఉన్న హైదరాబాద్ రాజ్యంలోని ప్రాంతం. 19వ శతాబ్ది చివరి పాదంలో ఆ రాజ్యంలో పారసీక స్థానాన్ని ఉర్దూ ఆక్రమించింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఏర్పడింది. 1956 నవంబరు 1న, అంతవరకు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉన్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. ఇవి నేడు 2016లో ఏర్పడిన కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ రెవెన్యూ డివిజన్‌లో ఉన్నాయి. పాలనాసరిహద్దులు మారినా తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ పక్కపక్కనే వ్యవహారంలో నిలిచాయి.

పదజాలంలో ఉర్దూ, పారసీకాల ప్రభావం స్పష్టమే. ఖైదు, ఖరారు, ఖాజీ వంటి మాటల్లోని ఖకారం మూలంలో కంఠమూలీయ స్పర్శం. దక్కనీ ఉచ్చారణలోనూ అది ఖకారానికి దగ్గరగా వినిపిస్తుంది. 'దారు' ప్రత్యయం జమీందారు, జాగీర్దారు వంటి ఎరువు మాటలతో వచ్చి, తర్వాత కొనుగోలుదారు, పన్నుదారు వంటి పదాల్లో దేశ్య ప్రకృతులకూ చేరింది. అయితే కొనుగోలుదార్లు అన్నప్పుడు బహువచనం తెలుగుదే, విభక్తీ తెలుగుదే. ప్రత్యయం పరాయిదైనా దాన్ని నడిపించే వ్యాకరణం మారలేదు.

వాక్యనిర్మాణంలో ప్రభావం ఎదురుదిశలో నడిచింది. 'వాన వచ్చిందని పోలేదు' అన్న తెలుగు వాక్యానికి దక్కనీలో 'పానీ పడా బోల్‌కే నై గయా' అనీ, కన్నడంలో 'మళె బంతు అంత హోగలిల్ల' అనీ, మరాఠీలో 'పాఊస్ ఆలా మ్హణూన్ గేలో నాహీ' అనీ అంటారు. అను, అన్, మ్హణ్, బోల్ అనే నాలుగూ 'చెప్పు' అనే అర్థం గల ధాతువులే. వాటి అసమాపక రూపాలే ఇక్కడ అనుకారకంగానూ, హేత్వర్థంలోనూ నిలిచాయి. ఉత్తరాది ఉర్దూలో ఉపవాక్యం సాధారణంగా 'కి' అనే సముచ్చయంతో ప్రధానక్రియ తర్వాత వస్తుంది. దక్కనీ దాన్ని క్రియకు ముందుకు తెచ్చి, చివర 'బోల్‌కే' చేర్చింది. 'ఎందుకంటే'కు దక్కనీలోని 'కైకూ బోలేతో' అంశానికి అంశంగా సరిపోతుంది. ఉత్తరాదిలో అక్కడ 'క్యోంకి' ఉంటుంది.

ఈ నిర్మాణం బాన్సువాడలో పుట్టిందని చెప్పడానికి వీలులేదు. దక్కనీ దక్కన్ అంతటా శతాబ్దాల సహజీవనంలో రూపొందింది. మరాఠీ 'మ్హణూన్' విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సంస్కృత 'ఇతి' ప్రయోగంలోనే ద్రావిడ ప్రభావాన్ని కైపర్ 1967లో ప్రతిపాదించాడు. కాబట్టి ఈ సామ్యం చాలా ప్రాచీనం కావచ్చు. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలోని కుప్వాడ్ గ్రామభాషలను పరిశీలించిన గంపర్జ్, విల్సన్ (1971) పదాలు వేరుగా ఉంటూనే వాక్యనిర్మాణాలు ఏకమవుతాయని చూపారు. బాన్సువాడ ప్రాంతంలోని వాక్యసామ్యాన్ని ఈ విస్తృత క్షేత్రంలో భాగంగా గ్రహించాలి.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. పాలకభాష కచ్చేరి ద్వారా, పాఠశాల ద్వారా పదాలను ఇచ్చింది. అంగడిలోనూ పొలంలోనూ జరిగిన సంభాషణ ఆ పాలకభాష మాట్లాడే రూపానికే ద్రావిడ వాక్యనిర్మాణాన్ని ఇచ్చింది. కనుక తెలంగాణ తెలుగును కేవలం స్వీకర్తగా చూడడం చరిత్రకు సరిపడదు. ఎరువు మాటల పట్టికకు తోడు దక్కనీ, సరిహద్దు మరాఠీ, కన్నడ వాక్యాల తులనాత్మక సేకరణ కూడా జరిగినప్పుడే ఈ ప్రాంత భాషాచరిత్ర సమగ్రమవుతుంది.