ఎయిడ్స్ పరీక్ష – ఎదురుచూపుల కథ



ఇవాళ నేను చెప్పబోయేది నలుగురం కూర్చున్నప్పుడు మాట్లాడుకోవడానికి మొహమాటపడే విషయం. అందుకే రేడియోలో చెబుతున్నాను. ఎవరింట్లో వాళ్ళు, వంటపని చేసుకుంటూనో బియ్యం ఏరుకుంటూనో వినవచ్చు.

మాకు వరసకి మరిది అయ్యే కుర్రాడొకడున్నాడు. పేరెందుకులెండి. ఇంట్లో సంబంధాలు చూస్తుంటే ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు. ఒక పిల్ల పొట్టిదన్నాడు, ఒకచోట జాతకం కుదరలేదన్నాడు. మనిషి చూస్తే చిక్కి సగమయ్యాడు. ఒకనాడు మా ఇంటికొచ్చి, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. "వదినా, ఒక మాట చెబుతా, అన్నయ్యకి చెప్పవుగా?" అన్నాడు. నాలుగు నెలల కిందట స్నేహితులతో పొరుగూరు వెళ్ళి, ముక్కూ మొహం తెలియని మనిషితో ఒక రాత్రి గడిపాడట. ఏ జాగ్రత్తా తీసుకోలేదట. అప్పట్నుంచి గొంతు నొప్పి పుట్టినా అదే, ఒంటిమీద పొక్కు లేచినా అదే అనుకుంటున్నాడు.

"పరీక్ష చేయించుకోరాదుటయ్యా?" అన్నాను.

"ఉందని తేలితే?" అన్నాడు.

చీవాట్లు నోటిదాకా వచ్చాయి. మింగేశాను. వాడికి ధైర్యం చెప్పాలంటే ముందు నాకు సంగతి తెలియాలి కదా. పుస్తకాలు తిరగేశాను, తెలిసిన డాక్టరమ్మని అడిగాను. అలా నేను తెలుసుకున్న కథే మీకు చెబుతున్నాను.

1981 జూన్‌లో అమెరికాలో, లాస్ ఏంజిలిస్ నగరంలో అయిదుగురు యువకులకి అరుదైన న్యుమోనియా వచ్చిందని ప్రభుత్వ ఆరోగ్య పత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. ఎయిడ్స్ గురించి లోకానికి తెలిసిన మొదటి కబురు అది. కారణమేమిటో రెండేళ్ళపాటు ఎవరికీ అంతుపట్టలేదు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్స్వాజ్ బారే సినూసీ అనే ఆవిడ, లూక్ మాంటాన్యే అనే ఆయన, తోటివారితో కలిసి ఆ వైరస్‌ని పట్టుకున్నారు. 2008లో వాళ్ళిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. 1985 మార్చిలో రక్తపరీక్షకి అమెరికాలో అనుమతి దొరికింది. దాని పేరు ఎలీసా.

ఆ పరీక్ష ఎలా పనిచేస్తుందో మనకి తేలిగ్గానే అర్థమవుతుంది. పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుంది కదా, పారాణి కలిపిన ప్రతివాళ్ళకీ తెలుసు. ఎలీసా కూడా రంగు మారే పరీక్షే. వైరస్ ఒంట్లోకి వస్తే దానితో పోరాడడానికి శరీరం కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది. రక్తంలో అవి ఉంటే చిన్న గుంటలో పోసిన మందు రంగు తేలుతుంది. అయితే ఆ పదార్థాలు మర్నాటికల్లా తయారుకావు, కొన్ని వారాలు పడుతుంది. ఈ లోపల పరీక్ష చేస్తే ఉన్నది కూడా లేదని రావచ్చు. అందుకని ఆ రోజుల్లో ఆరు నెలలు ఆగి మళ్ళీ చూడమనేవారు. ఆరు నెలలంటే ఎన్ని రాత్రులో లెక్కపెట్టుకోండి!

మన దేశంలో ఈ కథ మద్రాసులో మొదలైంది. 1985 చివర్లో మద్రాసు మెడికల్ కాలేజీలో డాక్టర్ సునీతి సోలమన్ అనే ప్రొఫెసరుగారు, తన దగ్గర చదువుకుంటున్న డాక్టర్ నిర్మలతో, మన దగ్గరా ఈ జబ్బు ఉందేమో చూడమన్నారు. అది ఎక్కడో పాశ్చాత్య దేశాల రోగం, మనకెందుకొస్తుందని అందరూ ధీమాగా ఉన్న కాలం అది. నిర్మలగారు చిన్న ఊరినుంచి వచ్చిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. మొదట జంకారు. భర్త ప్రోత్సహించారు. ఒళ్ళమ్ముకుంటున్నారని పోలీసులు పట్టి తెచ్చిన స్త్రీలని ఉంచే విజిలెన్స్ హోముకి ఆయనే స్కూటరు మీద దింపేవారు. ఆవిడ సేకరించిన రక్తం నమూనాలు ఇంట్లో ఫ్రిజ్‌లో, మన పాలూ పెరుగూ ఉండే చోట దాచారు. 1986 ఫిబ్రవరిలో వాటిని ఐసుపెట్టెలో పెట్టుకుని రాత్రి రైల్లో కాట్పాడి, అక్కణ్ణుంచి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకి చేర్చారు. అక్కడ ఆరు నమూనాలు పచ్చగా రంగు తేలాయి. తర్వాత అమెరికాలో చేసిన పరీక్ష కూడా అదే చెప్పింది. ప్రభుత్వం సంగతి బయటపెట్టగానే దేశం ఉలిక్కిపడింది.

ఇంతవరకూ విని మనం ఆ డాక్టరమ్మలకి చేతులెత్తి దణ్ణం పెడతాం. పెట్టవలసిందే. కానీ ఒక్క మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రక్తం ఏ జబ్బు కోసం తీస్తున్నారో ఆ స్త్రీలకి చెప్పలేదు. నిర్మలగారే తర్వాత ఆ సంగతి ఒప్పుకున్నారు. డాక్టర్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. చేతులు చాపి రక్తమిచ్చిన వాళ్ళ పేర్లు మనకి తెలియవు. ఆ కబురు విని వాళ్ళు ఆ రాత్రి ఎలా నిద్రపోయారో ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

మూడేళ్ళ తర్వాత గోవాలో ఇంకో ఘోరం జరిగింది. డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేశాడు. ఆ రక్తం పరీక్షలో వైరస్ ఉందని తేలింది. 1989 ఫిబ్రవరిలో అతణ్ణి పోలీసులు తీసుకుపోయి, ఒకప్పుడు క్షయరోగుల్ని ఉంచిన పాత శానిటోరియంలో 64 రోజులు ఒంటరిగా బంధించారు. చేసిన నేరమల్లా రక్తదానం! అతని తల్లి లూసీ డిసౌజా బొంబాయి హైకోర్టుకెక్కింది. కొడుకు బయటికొచ్చాక తనలాంటి వాళ్ళకోసం పనిచేశాడు, 1992లో కన్నుమూశాడు. "ఉందని తేలితే?" అని మా మరిది అడిగిన ప్రశ్నలో ఆ 64 రోజుల భయం ఇంకా ఉందనిపించింది నాకు.

మరి అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? చాలా మారింది. 1996 నాటికి మూడు మందులు కలిపి ఇచ్చే వైద్యం వచ్చి చావుల్ని ఆపడం మొదలుపెట్టింది. 2004 ఏప్రిల్ నుంచి మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలైంది. సకాలంలో తెలుసుకుని క్రమం తప్పకుండా మందులు వేసుకునే వాళ్ళు అందరిలాగే బతుకుతున్నారు. రక్తంలో వైరస్ కనిపించనంతగా అణిగి, అలాగే ఉంటే, సంపర్కం వల్ల ఇంకొకరికి అంటదని కూడా రుజువైంది. 2017లో చట్టమొచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలైంది. దాని ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితం ఊరంతా చాటకూడదు. ఆ హోములోని స్త్రీలకి దక్కనిది ఇవాళ మనకి హక్కు.

ఎదురుచూపులూ తగ్గాయి. కొత్తరకం పరీక్షల్లో చాలామందికి ఆరు వారాల్లోపే తెలిసిపోతుంది. మూడు నెలలు నిండాక చేసిన పరీక్షలో లేదని వస్తే, ఆ ఒక్క రాత్రి గురించి నిశ్చింతగా ఉండవచ్చు. మొదటి పరీక్షలో ఉందని వచ్చినా అదే ఆఖరి మాట అనుకోకూడదు. వేరే పరీక్షలతో సరిచూసి గాని తేల్చరు. గొంతునొప్పిని బట్టీ, జ్వరాన్ని బట్టీ ఈ జబ్బుని ఎవరూ చెప్పలేరు. అలాంటి సంపర్కం జరిగిన 72 గంటల లోపే డాక్టరు దగ్గరికెళితే, అవసరమనుకుంటే 28 రోజులు వాడే మందులిస్తారు. అవి జబ్బు పట్టుకునే అవకాశాన్ని బాగా తగ్గిస్తాయి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్షా సలహా రెండూ ఉచితం. 1097 నంబరుకి ఫోను చేసి అడగవచ్చు, పైసా ఖర్చులేదు.

మగవాళ్ళ సంగతి మనకెందుకు అనకండి. గర్భంతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో మాత్రమే తమకి ఈ జబ్బుందని తెలుసుకున్న ఇల్లాళ్ళు మన తెలుగునాట ఎందరో. వాళ్ళు చేసిన తప్పేమిటి? భర్త దాచాడు. భర్త దాచడానికి కారణం, చెబితే ఇంట్లో నిప్పులు కురుస్తాయని భయం. ఇంట్లో ఒక్కరైనా నిప్పులు కురిపించకుండా వినేవాళ్ళుంటే ఆ దాపరికం కొంత తగ్గుతుంది.

మా మరిదితో నేనే వెళ్ళాను. అక్కడి సలహాదారు అమ్మాయి మా ఆడపడుచు కూతురి వయసుది. నన్ను బయట కూర్చోబెట్టి వాణ్ణి లోపలికి పిలిచింది. ఎప్పుడు జరిగిందో తారీఖు అడిగిందట గాని, ఎందుకు చేశావని అడగలేదట. వాడు బయటికొచ్చి, "లేదట వదినా" అని బల్ల మీద కూలబడ్డాడు.

"మరి ఉందని చెప్పి ఉంటే?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "మందులు మొదలుపెట్టేవాణ్ణి. పెళ్ళికి ముందు ఆ పిల్లకి చెప్పేవాణ్ణి" అన్నాడు.

లేదన్న మాటకంటే ఈ మాటకి నాకు ఎక్కువ సంతోషం కలిగింది. దారిలో ఇద్దరం హోటల్లో కాఫీ తాగాం. ఈసారి గ్లాసు ఖాళీ చేశాడు.

ఆరు నెలల ఎదురుచూపుని శాస్త్రజ్ఞులు ఆరు వారాలకి కుదించారు. మా వాడు నాలుగు నెలలు నలిగింది పరీక్ష లేక కాదమ్మా, చెప్పుకునే మనిషి లేక. ఆ పని శాస్త్రజ్ఞులు చెయ్యలేరు, మనమే చెయ్యాలి. సెలవు.