హాస్టల్ వార్డెన్ నుంచి స్టూడెంట్స్ డీన్ దాకా: విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పని ఉద్యోగాలు

పిల్లల్ని పెద్ద చదువుకు వేరే ఊరు పంపేటప్పుడు మనం ముఖ్యంగా అడిగేవి మూడు: ఫీజు ఎంత, ఉద్యోగాలు వస్తాయా, మెస్సులో భోజనం ఎలా ఉంటుంది. రాత్రి పదకొండు గంటలకు పిల్లకు జ్వరం వస్తే ఎవరి తలుపు తట్టాలి అన్నది మాత్రం అడగం. ఆ తలుపు తెరిచే మనిషిది కూడా ఒక వృత్తే. దానికి తగిన చదువులున్నాయి, పై మెట్లున్నాయి. ఎస్.ఎస్.ఎల్.సి., పి.యు.సి. పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు ఈ వృత్తి గురించి తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాను. పిల్లలకు ఇదొక దారి కావచ్చు. పెద్దలకు, హాస్టల్‌ను ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో తెలుస్తుంది.

ఏమిటీ పని?

విద్యార్థి రోజుకు ఐదారు గంటలు తరగతిలో ఉంటాడు. మిగతా పద్ధెనిమిది గంటలు హాస్టల్లో, మెస్సులో, ఆటస్థలంలో, ఆఫీసు కిటికీల ముందు గడుస్తాయి. ఆ పద్ధెనిమిది గంటల బాధ్యత చూసే విభాగాన్ని విద్యార్థి వ్యవహారాల విభాగం అంటారు. ఇంగ్లీషు పేరు స్టూడెంట్ అఫైర్స్. పాత విశ్వవిద్యాలయాల్లో దీని పెద్దను డీన్ ఆఫ్ స్టూడెంట్స్ వెల్ఫేర్ అని పిలుస్తారు. ఆయన కింద లేదా ఆయనతో కలిసి చీఫ్ వార్డెన్, ఒక్కో హాస్టల్‌కు వార్డెన్లు, కేర్‌టేకర్లు, మెస్సు మేనేజర్, కౌన్సెలర్లు, స్కాలర్‌షిప్ విభాగం సిబ్బంది, ఎన్.ఎస్.ఎస్. అధికారులు పనిచేస్తారు. అశోకా, అజీం ప్రేమ్‌జీ వంటి కొత్త తరం ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఈ పనులకు విడిగా సిబ్బందిని పెట్టుకుంటున్నారు.

వార్డెన్ అంటే తాళాలగుత్తి, హాజరు పుస్తకం, గట్టి గొంతు అని మనలో చాలామంది అనుకుంటారు. తాళమూ హాజరూ నిజమే, కానీ అసలు పని అవి కాదు. కొత్త పిల్లలు వచ్చిన వారం గదులు పంచాలి. ఒకే గదిలో పడిన ఇద్దరికి పొసగకపోతే కూర్చోబెట్టి మాట్లాడాలి. మొదటి నెలన్నర ఇంటి మీద బెంగతో తిండి మానేసిన పిల్లను గుర్తుపట్టాలి. స్కాలర్‌షిప్ డబ్బు ఆలస్యమై మెస్సు బిల్లు కట్టలేని పిల్లాడి పేరు నోటీసు బోర్డు ఎక్కకముందే ఆఫీసుతో మాట్లాడాలి. ఇంట్లో ఎవరైనా పోయారని కబురొస్తే, ఆ పిల్లాణ్ణి అర్ధరాత్రి ఒంటరిగా బస్‌స్టాండుకు పంపకుండా చూడాలి. జరిగినదంతా తేదీ, సమయం వేసి రాసి పెట్టాలి. ఈ రాత పని తక్కువదేమీ కాదు.

చట్టం ఏమంటోంది?

2009 మార్చిలో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌కు బలయ్యాడు. అదే ఏడాది జూన్‌లో యు.జి.సి. ర్యాగింగ్ నిరోధక నిబంధనలు తెచ్చింది. ప్రతి ఏడూ మీరూ మీ పిల్లలూ సంతకం పెట్టి ఇచ్చే ప్రమాణపత్రం అక్కడినుంచి వచ్చిందే. వార్డెన్ ఎలాంటి మనిషి అయి ఉండాలో కూడా ఆ నిబంధనల్లో ఉంది. క్రమశిక్షణ నిలిపే సత్తా, పిల్లలతో మాట్లాడి ధైర్యం చెప్పే నేర్పు, రెండూ ఉండాలి. హాస్టల్లో గానీ దానికి బాగా దగ్గర్లో గానీ కాపురం ఉండాలి. ఏ వేళ అయినా ఫోనులో దొరకాలి. ఆ ఫోను సంస్థే ఇవ్వాలి, నంబరు అందరికీ తెలిసేలా చేయాలి.

రెండో మలుపు 2025 జులై 25న వచ్చింది. విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల ఒక కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం మన దేశంలో కళాశాల స్థాయి, ఆపై చదివేవాళ్లు 4.33 కోట్ల మంది. ఈ మార్గదర్శకాలు సరిగా అమలైతే ఎంతమంది చదువుకున్న మనుషులు కావాల్సి వస్తుందో మీరే ఊహించుకోండి.

ఏం చదవాలి?

ఒకే దారి లేదు. నాలుగు దారులు చెబుతాను.

మొదటిది, సోషల్ వర్క్. ఏ డిగ్రీ చేసినా తర్వాత రెండేళ్ల ఎం.ఎస్.డబ్ల్యు. చేయవచ్చు. మనుషులతో పనిచేయడం, రికార్డు రాయడం ఇందులో బాగా అబ్బుతాయి.

రెండోది, సైకాలజీ. బి.ఎ. లేదా బి.ఎస్‌సి.లో సైకాలజీ, ఆపై కౌన్సెలింగ్‌లో పి.జి. ఒక మాట గుర్తుంచుకోండి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., గుర్తించిన కోర్సు చేసి అందులో నమోదు కావాలి. వారాంతపు సర్టిఫికెట్ కోర్సులు దానికి సాటిరావు.

మూడోది, అధ్యాపకుడై వార్డెన్ కావడం. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, ఐ.ఐ.టి.ల్లో వార్డెన్లు చాలావరకు అధ్యాపకులే. పాఠాలు చెబుతూ అదనంగా ఈ బాధ్యత మోస్తారు. డీన్ పదవి కూడా సాధారణంగా సీనియర్ ప్రొఫెసర్లకే దక్కుతుంది.

నాలుగోది, ప్రభుత్వ హాస్టళ్లు. కర్ణాటకలో ఈ వార్డెన్లను నిలయ మేల్విచారకరు అంటారు. పోటీ పరీక్ష ఉంటుంది, కన్నడ బాగా రావాలి. తెలంగాణలో 2022 డిసెంబరులో హాస్టల్ సంక్షేమాధికారులు, వార్డెన్లు, మేట్రన్‌లు కలిపి 581 పోస్టులకు ప్రకటన వచ్చింది. వాటిలో సంక్షేమాధికారి పోస్టుకు డిగ్రీతో పాటు బి.ఇడి. అడిగారు. కాబట్టి బి.ఇడి. చేసినవాళ్లకు టీచరు ఉద్యోగం ఒక్కటే దారి అనుకోవద్దు.

అమెరికాలో ఇది పూర్తిగా వేరే వృత్తి. అక్కడ దీనికోసమే రెండేళ్ల మాస్టర్స్ కోర్సులున్నాయి. విద్యార్థిని మార్కులతోనే కాక మొత్తం మనిషిగా చూడాలనే మాటను అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1937లోనే ఒక పత్రంగా రాసుకుంది. చాలాచోట్ల సీనియర్ విద్యార్థులను రెసిడెంట్ అసిస్టెంట్లుగా తీసుకుని, జీతానికి బదులు గానీ దానితో పాటు గానీ గది ఉచితంగా ఇస్తారు. అక్కడికి చదువుకు వెళ్లే మన పిల్లలు వీసా నియమాలకు లోబడి ఈ పనికి దరఖాస్తు చేసుకోవచ్చు.

కష్టం కూడా చెప్పాలి

ఈ పనికి గడియారం లేదు. రాత్రి ఫోను మోగుతుంది. పండగకు అందరూ ఇంటికి పోతే, మిగిలిపోయిన పదిమంది కోసం మీరు ఉండిపోవాలి. ప్రైవేటు సంస్థల్లో చాలా ఉద్యోగాలు కాంట్రాక్టు మీదే ఉంటాయి. చేరేముందు జీతం, క్వార్టర్సు, వారపు సెలవు అన్నీ కాగితం మీద చూసుకోండి. పిల్లలు చెప్పిన గుట్టు దాచాలి. ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం వెంటనే పైవాళ్లకు, ఇంటివాళ్లకు, వైద్యులకు చెప్పాలి. ఏది దాచాలో ఏది దాచకూడదో తెలుసుకోవడమే ఈ వృత్తిలో పెద్ద పరీక్ష.

మన పిల్లలకున్న బలం

మన బళ్ళారి పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో కన్నడ, స్నేహితులతో ఉర్దూ, హిందీ మాట్లాడతారు. ఇక్కడ మనకది గొప్పగా అనిపించదు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఒక హాస్టల్లో దాని విలువ తెలుస్తుంది. ఇంగ్లీషులో తన కష్టం చెప్పలేక ఊరుకున్న పిల్ల, తన భాషలో ఒక్క మాట వినపడగానే నోరు విప్పుతుంది. అయితే భాష తలుపు తెరుస్తుంది అంతే. లోపలికి వెళ్లాక ఓపిగ్గా వినడం మీరు నేర్చుకోవాలి.

ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు. కాలేజీలో ఎన్.ఎస్.ఎస్.లో చేరండి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు ఉంటాయి. ప్రథమ చికిత్స నేర్చుకోండి. హాస్టల్లో ఉంటే మెస్సు కమిటీలో పనిచేయండి. లెక్క రాయడం, తగువు తీర్చడం రెండూ అక్కడ వస్తాయి.

తల్లిదండ్రులు అడగాల్సినవి

హాస్టల్లో చేర్చే రోజు ఈ ప్రశ్నలు అడగండి. మొహమాటపడొద్దు.

1. వార్డెన్ రాత్రి ఎక్కడ ఉంటారు? ఫోను నంబరు ఏది?
2. మొదటి ఏడాది పిల్లలకు విడిగా బ్లాకు ఉందా?
3. కౌన్సెలర్ ఉన్నారా? వారి అర్హత ఏమిటి? వారానికి ఎన్ని రోజులు వస్తారు?
4. రాత్రిపూట ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే బండి, తోడు ఎవరు?
5. ఫిర్యాదు ఎవరికి రాసివ్వాలి? ఎన్ని రోజుల్లో జవాబు ఇస్తారు?

రెండు నంబర్లు రాసి పెట్టుకోండి. ర్యాగింగ్ ఫిర్యాదుకు 1800-180-5522. మనసు బాగోలేనప్పుడు మాట్లాడడానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి. టెలీ మానస్‌లో తెలుగులోనూ కన్నడలోనూ మాట్లాడవచ్చు. పిల్లల ఫోన్లలో కూడా ఈ నంబర్లు వేయించండి.

ఈ దారిలో వెళ్లాలనిపించిన పి.యు.సి. పిల్లలు బడి వదిలాక ఆఫీసు గదికి రండి. ఏ డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకోవాలో కూర్చుని చూద్దాం. వచ్చేటప్పుడు అమ్మనో నాన్ననో తోడు తెచ్చుకుంటే ఇంకా మంచిది.