ఏఐ నైతిక సూత్రాలు, ప్రభుత్వ విధానం: తెలంగాణ అనుభవం

కృత్రిమ మేధను ప్రభుత్వం న్యాయంగా, పారదర్శకంగా, జవాబుదారీతో వాడాలన్న సూత్రాలు తెలంగాణలో పాలనా విధానంగా మారిన చరిత్ర 2016 ప్రాంతంలో మొదలవుతుంది. ఇక్కడ యంత్రమే ముందు వచ్చింది, సూత్రాలు తర్వాత వచ్చాయి. ఆ సూత్రాల్లోని అసలు విషయం అధికారులు చేసి తీరాల్సిన పనిగా మారింది మాత్రం ఒక కోర్టు ఉత్తర్వుతో.

సమగ్ర వేదిక

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతటా ఒక్క రోజులోనే సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ప్రభుత్వ శాఖల సమాచారాన్ని ఒకచోట చేర్చాలన్న ఆలోచన ఆ తర్వాత ఊపందుకుంది. ఐటీ శాఖ చేపట్టిన ‘సమగ్ర వేదిక’ వాహన రిజిస్ట్రేషన్లు, ఆస్తుల వంటి వేర్వేరు రికార్డులను కలిపి, వాటిలో ఏవి ఒకే మనిషివో పేరు, చిరునామాల పోలికతో అంచనా వేస్తుంది. పౌర సరఫరాల శాఖ దీన్ని రేషన్ కార్డుల ఏరివేతకు వాడింది. కారు ఉన్నట్టు తేలితే ఆ కుటుంబం అనర్హుల జాబితాలో పడేది.

చిక్కంతా ఆ పోలికలోనే ఉంది. మన పేర్లు ఒక్కో ఆఫీసులో ఒక్కో ఇంగ్లిష్ స్పెల్లింగుతో నమోదవుతాయి. ఇంటిపేరు ఒకచోట ముందుంటే మరోచోట వెనకుంటుంది, ఇంకోచోట పొడి అక్షరంగా మిగులుతుంది. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ వంటి సినీ కార్మికులు అద్దె గదుల్లో బతికే హైదరాబాద్‌లోని కృష్ణానగర్ లాంటి చోట చిరునామా కూడా నిలకడగా ఉండదు. సాఫ్ట్‌వేర్ కోర్సులకు దేశమంతా పేరున్న అమీర్‌పేట అక్కడికి దగ్గరే. అయినా ఒక ప్రోగ్రాము తన కార్డును ఎందుకు తీసేసిందో ఆ కార్మికుడికి చెప్పే ఏర్పాటు లేకపోయింది.

2014–2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. వీటిలో బోగస్ కార్డులూ ఉన్నాయి, యంత్రంతో పని లేకుండా తొలగించినవీ ఉన్నాయి. కానీ ముందుగా నోటీసు ఇవ్వలేదన్నదే ప్రధాన ఫిర్యాదు. ఒక రిక్షా కార్మికుడి కుటుంబం కారున్నదన్న కారణంతో కార్డు పోగొట్టుకున్న ఉదంతాన్ని 2024 జనవరిలో అల్ జజీరా వెలుగులోకి తెచ్చింది. పేరు కలిసిన మరొకరి కారు అది.

కోర్టు జోక్యం

హైదరాబాద్‌కు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. మనిషి ఇంటికి వెళ్లి చూసి నిర్ణయించాలన్న ఈ ఒక్క ఆదేశం ఎన్నో నైతిక పత్రాలు చేయలేని పని చేసింది. అప్పటి పరిశీలనలో వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. రేషన్ బియ్యం మీద బతికే ఇంటికి ఆ తప్పు చిన్నది కాదు.

ముఖ గుర్తింపు విషయంలోనూ వరుస ఇంతే. 2018లో పోలీసుల ‘టీఎస్‌కాప్’ యాప్‌లోకి ఈ సాంకేతికత వచ్చింది. 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో కొంపల్లిలోని పది పోలింగ్ కేంద్రాల్లో ఓటర్ల గుర్తింపునకు ప్రయోగాత్మకంగా వాడారు. రాష్ట్రంలో ముఖ గుర్తింపు వాడకాన్ని సవాలు చేస్తూ మసూద్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది.

విధాన పత్రాలు

రాష్ట్ర ప్రభుత్వం 2020ని ‘ఏఐ సంవత్సరం’గా ప్రకటించి, అదే ఏడాది జూన్‌లో ఏఐ విధాన చట్రాన్ని విడుదల చేసింది. అందులో పరిశోధన, నైపుణ్య శిక్షణ, స్టార్టప్‌లు, శాఖల్లో వాడకానికి పెద్దపీట వేశారు. జాతీయ స్థాయిలో నీతి ఆయోగ్ 2021 ఫిబ్రవరిలో బాధ్యతాయుత ఏఐ సూత్రాలను, ఆగస్టులో వాటి అమలు మార్గాలను ప్రచురించింది. ఏఐ నైతికతపై యునెస్కో సిఫార్సును సభ్యదేశాలు ఆమోదించింది అదే ఏడాది నవంబరులో.

వ్యవసాయంలో మాత్రం తెలంగాణ కొంత ముందుచూపు కనబరచింది. 2023 ఆగస్టులో వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక ‘అడెక్స్’ను ప్రారంభించినప్పుడే ఆ సమాచారం ఎలా వాడాలో చెప్పే నియమావళినీ విడుదల చేసింది. సంక్షేమ పథకాలకూ ఇదే పద్ధతి ముందునుంచీ ఉండి ఉంటే రేషన్ కార్డుల వివాదం కోర్టుదాకా పోయే అవసరం వచ్చేది కాదు.

2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఏఐ సదస్సు జరిగింది. కేంద్రం 2025 నవంబరులో ఏఐ పాలనా మార్గదర్శకాలు ప్రకటించింది. కొత్త చట్టం తేకుండా ఉన్న చట్టాలతోనే నడవాలన్నది వాటి ధోరణి.

ఇతర దేశాల్లో ఇలాంటి వ్యవస్థలు ఏకంగా ఆగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. సంక్షేమ మోసాలను పసిగట్టడానికి నెదర్లాండ్స్ వాడిన ‘సిరి’ వ్యవస్థ మానవ హక్కులకు విరుద్ధమని హేగ్ న్యాయస్థానం 2020 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. భారత్‌లో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం రాయితీలు, ప్రయోజనాల కోసం ప్రభుత్వం కొన్ని షరతులకు లోబడి ప్రత్యేక సమ్మతి లేకుండానే సమాచారం వాడుకునే వీలు కల్పించింది.

కార్డు రద్దయినవారికి ప్రస్తుతం అక్కరకొచ్చేవి పాత చట్టాలే. కారణం చూపే రికార్డును సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి ఫిర్యాదు చేసి, అక్కడ న్యాయం దొరకకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.